మూడు వేళ్ల కొలత

కూరలో కారం తగ్గించమని బావ అడుగుతున్నాడని అక్క ఫోన్‌లో చెప్పినప్పుడు నేను పట్టించుకోలేదు. పండుమిరప పచ్చడి లేకపోతే కంచం ముందు కూర్చోని మనిషి మా బావ. చీమకుర్తి క్వారీల నుంచి గ్రానైట్ బండలు వేసుకుని ఓడరేవులకు లారీ తోలే మనిషి, ఏ దాబాలో ఆగినా పచ్చిమిరపకాయ కొరుక్కుంటూ తినేవాడు. "నోరు మండుతోందంటున్నాడురా, ఏదైనా మందు పంపు" అంది అక్క. ఒంగోలులో నాకు మందుల షాపు ఉంది. నోరు మండుతోందనగానే నా చెయ్యి దానంతటదే బీ కాంప్లెక్స్ డబ్బా మీదికి పోయింది. ఒక షీటు పంపాను. నెల తిరక్కుండా ఇంకొకటి, ఆ తర్వాత నోట్లో పూసుకునే జెల్లు. అలా ఏడెనిమిది నెలలు గడిచాయి. ఇది 2017 నాటి సంగతి.

ఆ ఏడెనిమిది నెలల్లో ఒక్కసారైనా "బావా, నోరు తెరువు" అని నేను అనలేదు. అదే నా తప్పని చాలాకాలం అనుకున్నాను. అసలు తప్పు అంతకు పన్నెండేళ్ల ముందే చేశానని తర్వాత తెలిసింది.

2005లో బావ రోజుకు రెండు కట్టల బీడీలు కాల్చేవాడు. రాత్రిళ్లు దగ్గుతుంటే ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండేది కాదు. నేను వెంటపడ్డాను. ఊపిరితిత్తులు పాడైపోతాయని, పిల్లలు పొగ పీలుస్తున్నారని పోరు పెట్టాను. ఒకరోజు వచ్చి, "బీడీ మానేశానురా. ఇదుగో, ఇదొకటి వేసుకుంటే బండి మీద నిద్ర కూడా రాదు" అని జేబులోంచి గుట్కా ప్యాకెట్టు తీసి చూపించాడు. అప్పట్లో అది రూపాయి. నేనేమన్నానో ఇప్పటికీ మాట మాట గుర్తుంది. "పోనీలే బావా, పొగైతే లేదుగా" అన్నాను. అక్కకి ఫోన్ చేసి శుభవార్త చెప్పినట్టు చెప్పాను కూడా.

మందుల గురించి చదువుకుని, రోజూ మందుల మధ్య బతికేవాణ్ని అంత తేలిగ్గా ఆ మాట ఎలా అన్నాను? పొగాకు అంటే పొగే అన్న లెక్క నా బుర్రలో గట్టిగా పాతుకుపోయింది. బస్సులో, సినిమా హాల్లో, ఆసుపత్రి గోడ మీద చిన్నప్పటి నుంచీ చదువుకున్నది "పొగ త్రాగరాదు" అనే. 2003లో వచ్చిన పొగాకు చట్టం పేరు కూడా సిగరెట్లతోనే మొదలవుతుంది, మిగతావన్నీ "ఇతర పొగాకు ఉత్పత్తులు". కానీ 2016–17లో దేశమంతటా జరిగిన పెద్దల పొగాకు సర్వే చెప్పింది వేరు. పొగ తాగేవాళ్లు 10.7 శాతం. నమిలేవాళ్లు, బుగ్గన పెట్టుకునేవాళ్లు, పళ్లకు రాసుకునేవాళ్లు, ముక్కుపొడి పీల్చేవాళ్లు కలిపి 21.4 శాతం. అంటే సుమారు ఇరవై కోట్లమంది. పేరులో 'ఇతర' కింద పడిపోయినవాళ్లే ఈ దేశంలో రెట్టింపు ఉన్నారు.

గుట్కాలో పొగాకు ఒక్కటే లేదు. వక్క, కాచు, సున్నం, సుగంధద్రవ్యాలు అన్నీ ఉంటాయి. సున్నం ఊరికే వెయ్యరు. సున్నం తగిలితే పొగాకులోని నికోటిన్ విడివడి బుగ్గ పొరలోంచి తొందరగా రక్తంలో కలుస్తుంది. మనిషిని కట్టిపడేసేది ఆ నికోటిన్. క్యాన్సర్ తెచ్చేవాటిలో ముఖ్యమైనవి ఆకుని ఎండబెట్టి, మగ్గబెట్టే దశల్లో పుట్టే నైట్రోసమైన్లు. వీటికి తోడు వక్క. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2004లోనే, పొగాకు కలిసినా కలవకపోయినా వక్క మనుషుల్లో క్యాన్సర్ కారకమేనని ప్రకటించింది. పెళ్లి విస్తరి పక్కన తాంబూలం పెట్టే ఇంట్లో పుట్టినవాడికి ఆ మాట మింగుడుపడటం కష్టం. నాకూ పడలేదు. కానీ ఎప్పుడో పండక్కి వేసుకునే ఆకూవక్కా వేరు, లారీ స్టీరింగు ముందు కూర్చుని రోజుకు పదిహేను ప్యాకెట్లు చించుకోవడం వేరు.

2009లో ప్యాకెట్ల మీద బొమ్మల హెచ్చరికలు మొదలయ్యాయి. నమిలే పొగాకు మీద తేలు బొమ్మ వేశారు. తేలు ఎందుకుందో మా బావకి అర్థం కాలేదు, ఆ మాటకొస్తే నాకూ అర్థం కాలేదు. అదేదో కంపెనీ గుర్తనుకున్నవాళ్లను చూశాను. తర్వాత బొమ్మలు మారాయి. 2016 ఏప్రిల్ నుంచి ప్యాకెట్టులో 85 శాతం మేర హెచ్చరిక ఉండాలన్నారు, పుండు పడిన నోటి బొమ్మలు వచ్చాయి. అప్పటికి బావకి ప్యాకెట్టు చూసే అలవాటే పోయింది. చీకట్లో కూడా పళ్లతో చించుకోగలడు.

నిషేధం కథ ఇంకా చిత్రమైంది. గుట్కా ఆహారమా, పొగాకా అన్నదాని మీదే ఏళ్ల తరబడి కోర్టుల్లో వాదనలు నడిచాయి. మహారాష్ట్ర 2002లో గుట్కాని నిషేధిస్తే 2004లో సుప్రీంకోర్టు ఆ నిషేధాన్ని కొట్టేసింది. 2011లో ఆహార భద్రత నిబంధనల్లో ఒక వాక్యం చేరింది. ఏ ఆహార పదార్థంలోనూ పొగాకు, నికోటిన్ కలపకూడదని దాని సారం. ఆ వాక్యం పట్టుకుని 2012 ఏప్రిల్‌లో మధ్యప్రదేశ్ మొదటగా గుట్కాని ఆపింది. వెనకే కేరళ, బీహార్, మహారాష్ట్ర, ఇంకా చాలా రాష్ట్రాలు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2013లో వచ్చింది. ఆ రోజు నేను నిజంగా సంతోషించాను. మా షాపు ఎదురుగా ఉన్న బడ్డీ కొట్టుకి తోరణాల్లా వేలాడే ప్యాకెట్లు మాయమయ్యాయి.

వారం తిరిగేసరికి తోరణాలు మళ్లీ వచ్చాయి. ఈసారి రెండు రకాలు. ఒకటి పొగాకు లేని పాన్ మసాలా, రెండోది దాని పక్కనే వేలాడే చిన్న పొగాకు పొట్లం. పొగాకు లేదు కాబట్టి మొదటిది ఆహార నిబంధన దాటలేదు. రెండోది ఆహారమే కాదన్నారు. రెండూ కొని అరచేతిలో కలుపుకుంటే గుట్కా. బావ లారీ క్యాబిన్‌లో కూర్చుని ఆ రెండింటినీ ఎంత ఒడుపుగా కలిపేవాడో చూశాను. ఒక్క గింజ కింద పడేది కాదు. "మీవాళ్లు రేటు పెంచార్రా, సరుకు మాత్రం తగ్గించలేదు" అన్నాడు నాతో. ప్రభుత్వం చేసినా డాక్టర్లు చేసినా ఆయన లెక్కలో "మీవాళ్లే". ఈ జంట పొట్లాల సంగతి 2016లో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, కోర్టు నిషేధాన్ని సరిగ్గా అమలు చేయమని రాష్ట్రాలకు చెప్పింది. ఈ నిషేధం విధించే ఆహార భద్రత కమిషనర్ ఉత్తర్వుకి చట్టం ప్రకారం ఏడాదికి మించి ఆయుష్షు లేదు. అందుకే ఏటా కొత్త ఉత్తర్వు ఇవ్వాలి, ఏటా పేపర్లో "గుట్కాపై నిషేధం" అని మళ్లీ కొత్తగా రాయాలి.

2018లో ఒకరోజు అక్క వేరే మాట చెప్పింది. "అన్నం ముద్ద నోట్లో పట్టడంలేదురా. చిన్న చిన్న ముద్దలు చేసుకుంటున్నాడు." ఆ మాటతో నా గుండె జారిపోయింది. మర్నాడే పళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. ఆవిడ పరికరం ఏదీ ముట్టుకోలేదు. "మీ మూడు వేళ్లు ఇలా నిలువుగా పేర్చి నోట్లో పెట్టండి" అంది. చూపుడువేలు, నడిమివేలు, ఉంగరం వేలు. ఆరోగ్యంగా ఉన్న మనిషికి ఎవరి మూడు వేళ్లు వాళ్ల నోట్లో సులువుగా పడతాయి. బావకి రెండు వేళ్లు కూడా కష్టంగా పట్టాయి. ఆవిడ బుగ్గ లోపల వేలితో తడిమి, నన్ను కూడా తడమమంది. మెత్తగా ఉండాల్సిన చోట తాళ్లు బిగించినట్టు గట్టి పట్టీలు తగిలాయి. లోపలి పొర పాలిపోయి తెల్లగా ఉంది. నోటి పొర కింది కణజాలం గట్టిపడిపోయే జబ్బు ఇది, దీనికి ప్రధాన కారణం వక్క. కారం తగిలితే మంట పుట్టడమే దీని మొదటి లక్షణం. అది వచ్చినప్పుడు నేను బీ కాంప్లెక్స్ ఇచ్చాను. బిగుసుకున్న నోరు మళ్లీ మామూలుగా కాదని, కొందరిలో అది క్యాన్సర్‌గా మారుతుందని, ఇప్పుడు మానేస్తే ఆ ముప్పు తగ్గుతుందని ఆవిడ చెప్పింది. ఎన్నాళ్ల నుంచి మంటగా ఉందని అడిగితే బావ నావైపు చూశాడు. నేను తల దించుకున్నాను.

మానేయమనడం తేలికే. పదమూడేళ్లుగా గంట గంటకూ నికోటిన్ అందుకున్న ఒంటికి ఉన్నట్టుండి ఆపితే ఏమవుతుందో ఆ నెలలో మా కళ్లతో చూశాం. చేతులు వణికాయి, చిరాకు, తలనొప్పి, రాత్రిళ్లు నిద్ర లేదు. లారీ ఎక్కలేకపోయాడు. అప్పుడు నాకు నమిలే నికోటిన్ బిళ్లలు గుర్తొచ్చాయి. సిగ్గుపడుతూనే చెబుతున్నాను, అన్నేళ్లుగా నడుస్తున్న మా షాపులో అప్పటిదాకా ఒక్క బిళ్ల కూడా లేదు. అడిగేవాళ్లు లేరని నేను తెప్పించలేదు. నాలాంటి షాపుల్లో కనబడదు కాబట్టి ఎవరూ అడగలేదు. 2 మిల్లీగ్రాముల బిళ్లకు డాక్టరు చీటీ కూడా అక్కర్లేదు, 4 మిల్లీగ్రాములకే కావాలి. అయినా ఎదురు బడ్డీ కొట్టులో విషం ఎప్పుడూ ఉండేది, విరుగుడు నా అరలో లేదు.

తెప్పించి ఇచ్చాను. రెండు రోజులకే "ఇది పనికిరాదు" అని విసిరికొట్టాడు. ఎలా వాడుతున్నావని అడిగితే, టీ తాగుతూ నములుతున్నాడని తెలిసింది. బిళ్లలో కూడా నికోటిన్ బుగ్గలోంచి ఒంట్లోకి పోవడానికి క్షార గుణమున్న పదార్థం కలుపుతారు, గుట్కాలో సున్నం చేసే పని లాంటిదే. టీ, కాఫీ, కూల్‌డ్రింకుల పులుపు తగిలితే ఆ పని చెడిపోతుంది. బిళ్ల వేసుకునేముందు పావుగంట, నోట్లో ఉన్నంతసేపు అవేవీ తాగకూడదు. నాలుగైదుసార్లు నమిలి, చురుక్కుమనగానే బుగ్గన పెట్టి ఆగాలి, ఆ చురుకు తగ్గాక మళ్లీ నమలాలి. చూయింగ్ గమ్ములా ఆపకుండా నమిలితే నికోటిన్ గొంతులోకి దిగి ఎక్కిళ్లు, కడుపులో మంట తప్ప ఇంకేమీ ఉండదు. ఇది నేను ముందే చెప్పాల్సింది. చెప్పినా ఇంకో అడ్డం వచ్చింది, ఆ బిగుసుకున్న దవడతో బిళ్ల నమలడమే నరకంగా ఉంది. చివరికి డాక్టరు చేతికి అంటించుకునే నికోటిన్ పట్టీ రాసింది, దానితోపాటు చప్పరించే బిళ్ల. ఖర్చు లారీ డ్రైవరు కుటుంబానికి చిన్నదేమీ కాదు. అప్పట్లో ఒక్కో బిళ్ల సుమారు పది రూపాయలు, మొదట్లో రోజుకు ఎనిమిది, పది పడతాయి. నాకు షాపు ఉంది కాబట్టి సరిపోయింది. షాపు లేని బావమరిది ఉన్నవాడి సంగతేమిటని ఆ రోజుల్లో చాలాసార్లు అనుకున్నాను. ఒకసారి మళ్లీ మొదలుపెట్టాడు, మళ్లీ ఆపాడు. 2019 దసరా తర్వాత ముట్టుకోలేదు.

బావ పెద్దకొడుకు ఉద్యోగం మీద స్వీడన్ వెళ్లాడు. అక్కడి నుంచి వాడు చెప్పిన సంగతి నన్ను ఇంకోవైపు నుంచి ఆలోచింపజేసింది. "మామయ్యా, ఇక్కడ మా ఆఫీసులో సగంమంది పెదవి కింద చిన్న పొట్లం పెట్టుకుంటారు. స్నూస్ అంటారు. అదీ పొగాకే. మరి వీళ్లకి నాన్నలాగా కావడంలేదేం?" అని అడిగాడు. సమాధానం చెప్పడానికి చాలా చదవాల్సొచ్చింది. స్నూస్‌లో వక్క లేదు. ఆకుని మగ్గబెట్టకుండా ఆవిరి వేడితో శుద్ధి చేస్తారు, అందువల్ల నైట్రోసమైన్లు బాగా తక్కువ. దుకాణంలో ఫ్రిజ్‌లో పెట్టి అమ్ముతారు. అక్కడా దాన్ని ఆహార చట్టం కిందికే తెచ్చారు. ఆ చట్టంతో మనం నిషేధించాం, వాళ్లు అందులో ఏది ఎంతకు మించకూడదో కొలతలు పెట్టారు. యూరోపియన్ యూనియన్ 1992లో నోట్లో పెట్టుకునే పొగాకు అమ్మకాలను నిషేధించింది, 1995లో చేరినప్పుడు స్వీడన్ దానికి మినహాయింపు తెచ్చుకుంది. ఇవాళ స్వీడన్‌లో రోజూ సిగరెట్ తాగే పెద్దవాళ్లు 5 శాతం దరిదాపుల్లోనే ఉన్నారు.

స్నూస్ మంచిదని నేను అనను. నికోటిన్ అలవాటు అక్కడా సంకెలే. గర్భిణులకు ప్రమాదం, పిల్లలకు ప్రమాదం. ఇప్పుడు పొగాకు ఆకు లేకుండా ఉత్త నికోటిన్‌తో, పండ్ల రుచులతో తెల్ల పొట్లాలు వచ్చాయి, వాటిని పడుచు పిల్లలు ఎగబడి కొంటున్నారని మేనల్లుడే చెప్పాడు. కానీ వాడి ప్రశ్న నా పాత లెక్కను పూర్తిగా పడగొట్టింది. పొగ ఉందా లేదా అన్నది కొలతే కాదు. ఇక్కడి గుట్కాలో పొగ లేదు, అక్కడి స్నూస్‌లోనూ లేదు, మందుల షాపు బిళ్లలోనూ లేదు. మూడింటిలోనూ ఉన్నది నికోటినే. కానీ ఒకటి మా బావ నోరు మూసేసింది, ఇంకొకటి తెరిచి ఉన్నంత మేరకైనా కాపాడింది. ఆ నికోటిన్‌తోపాటు పొట్లంలో ఇంకేముందో, ఎవరికి అమ్ముతున్నారో, ఎంత తేలిగ్గా దొరుకుతోందో చూడాలి. 2005లో నాకు ఇది తెలిసి ఉంటే "పొగైతే లేదుగా" అని ఉండేవాణ్ని కాదు. అప్పుడే నికోటిన్ బిళ్ల తెప్పించి ఉండేవాణ్ని.

2019లో, నికోటిన్‌ని ఆవిరిగా పీల్చే ఈ-సిగరెట్ల తయారీ, దిగుమతి, అమ్మకం, ప్రకటన అన్నిటినీ దేశమంతా నిషేధించారు. మొదటిసారి పట్టుబడితే ఏడాది దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. కాలేజీ పిల్లలు పెన్నులాంటి ఆ గొట్టాలు పట్టుకుని తిరగడం చూశాను కాబట్టి ఆ నిషేధాన్ని నేను తప్పుపట్టను. బాధంతా ఒక్కటే. అదే వీధిలో బీడీ, సిగరెట్టు, జంట పొట్లాలు ఎప్పటిలాగే దొరుకుతున్నాయి. కొత్తగా వచ్చినదాన్ని గడప దాటనివ్వలేదు, పాతదాన్ని ఇంట్లోనే ఉంచుకున్నాం. మానదలచుకున్నవాడికి మాత్రం ఆసరా అందలేదు.

మాది పొగాకు పండే నేల. మా నాన్న బ్యారన్‌లో ఆకు కాల్చి, వేలం కేంద్రానికి బేళ్లు తోలి మమ్మల్ని చదివించాడు. పొగాకు గురించి మాట్లాడితే ముందు రైతు కడుపు గురించి అడుగుతారు, అడగాలి కూడా. అయితే మా వర్జీనియా ఆకు ఎక్కువగా సిగరెట్లకూ ఎగుమతులకూ పోతుంది. గుట్కా పొట్లం గురించి గట్టిగా మాట్లాడితే ఒంగోలు రైతు నష్టపోతాడన్న భయం నాకు లేదు.

నేను అడిగేది పెద్దదేమీ కాదు. 2022లో కేంద్రం ప్రకటించిన అత్యావశ్యక మందుల జాబితాలో పొగాకు మాన్పించే నికోటిన్ చికిత్స ఉంది. జాబితాలో ఉన్నది ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా దొరకాలి, ఎలా వాడాలో తెలుగులో చెప్పే మనిషి అక్కడ ఉండాలి. పాన్ మసాలా, పొగాకు పొట్లం పక్కపక్కన వేలాడుతున్నంతకాలం గుట్కా నిషేధం కాగితం మీదే ఉంటుంది కాబట్టి ఆ రెండింటినీ ఒకే సరుకుగా చూడాలి. వక్కతో చేసిన ప్యాకెట్టు పిల్లల చేతికి అందకూడదు, అందులో పొగాకు ఉన్నా లేకపోయినా.

బావకిప్పుడు అరవై దాటాయి. నోరు రెండు వేళ్లు పట్టేంతే తెరుచుకుంటుంది, అంతకు మించి రాలేదు, తగ్గలేదు. ఆరు నెలలకోసారి పళ్ల డాక్టరు చూస్తుంది. కారం ఇప్పటికీ తినలేడు. అక్క అందరికీ కూర వండేముందే ఆయనకి చప్పిడి కూర విడిగా తీసిపెడుతుంది.

మానాలనుకునేవాళ్ల కోసం 1800-11-2356 అనే ఉచిత నంబరుంది. తెలుగులోనూ మాట్లాడతారు. పొగాకు ప్యాకెట్ల మీదే అచ్చేస్తారు, బొమ్మ పక్కన చూడండి. నాలాగా మందుల షాపు నడిపేవాళ్లకు ఒక్క మనవి. నోటిపూతకని, నోరు మండుతోందని ఎవరైనా మాత్రలు అడిగితే, ఇచ్చేముందు మూడు వేళ్లు నిలువుగా నోట్లో పెట్టుకుని చూడమనండి. పట్టకపోతే మాత్రలు అమ్మకుండా డాక్టరు దగ్గరికి పంపండి.